బావగారి కారుకు దొంగ పరీక్ష

కొత్త కారు ఇంటికి వచ్చిన మర్నాడే మా బావగారు నన్ను దొంగగా నియమించారు.

తప్పు నాదే. బ్రిటన్‌లో థాచమ్ అనే పరిశోధన సంస్థ 2019లో 11 కొత్త కార్లకు దొంగతనం పరీక్ష పెడితే 6 నాసిరకమని తేలాయని నోరు జారాను. ఈ రకం కార్లకు తాళం తిప్పే పని లేదు, ఒంటిమీద ఉంటే చాలు. అందుకని దొంగలు ఇద్దరు వస్తారు. ఒకడు ఇంటి గోడ పక్కన నిలబడి లోపలి తాళం సంకేతాన్ని యంత్రంతో పట్టి పంపిస్తాడు, రెండోవాడు కారు దగ్గర దాన్ని అందుకుంటాడు. పిచ్చి కారు, యజమానే వచ్చాడనుకుని తలుపు తీస్తుంది.

సఖినేటిపల్లిలో కొబ్బరి వ్యాపారం చేసే మనిషికి ఆ రాత్రి నిద్ర లేదు.

పొద్దున్నే నేను పిడి మీద చెయ్యి వేశానో లేదో తలుపు తెరుచుకుంది. పక్కనే నిలబడ్డ బావగారు కారు అమ్మినవాళ్లను ఏడు తరాలు తిట్టారు. చెట్టు మీద కొబ్బరికాయల దింపు తీస్తున్న మనిషి అంతా విని, "తాళం మీ రొంటినే ఉంది కదండీ" అన్నాడు.

తాళాన్ని ఇనుప డబ్బాలో పెట్టి మూత బిగిస్తే సంకేతం బయటికి రాదని నేనే చెప్పాను. వంటింట్లో పూతరేకుల డబ్బా కనిపించింది. తాళం రేకుల మధ్యకు తోశాం. ఈసారి ఎంత లాగినా తలుపు కదల్లేదు. బావగారు నన్ను కౌగిలించుకున్నారు, అక్క కాఫీ ఇచ్చింది, మేం అరుగు మీద కూర్చుని గోదావరి జిల్లాల్లో ఇంత గట్టి కారు లేదని తీర్మానించాం.

అంతర్వేదిలో పూజకు బయల్దేరేటప్పుడు డబ్బా లేదు.

"పిన్ని నరసాపురం వెళ్తుంటే ఇచ్చి పంపాను" అంది అక్క. పూతరేకులకు బరువెక్కడిది, తాళం ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది? పిన్నికి ఫోను చేశాం. గోదావరి దాటించే పంటు దిగి అవతలి రేవు దాటిందట. రెండో తాళం హైదరాబాదులో మేనల్లుడి దగ్గర ఉంది. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఎండలో వాడిపోతున్నాయి.

నేను చివరి ఆశతో మళ్లీ పిడి పట్టుకుని లాగుతున్నాను. దింపు మనిషి చెట్టు దిగి, మొలతాడు సర్దుకుంటూ అన్నాడు:

"ఇవతల మీ బావమరిదిగారు కారు దగ్గరున్నారు, అవతలి గట్టున పిన్నిగారి దగ్గర తాళం ఉంది. ఇక ఆ యంత్రం ఒక్కటే తక్కువండీ."