వాట్సాప్ ఎకో వీడియో గారికి విన్నపం

మహారాజశ్రీ వాట్సాప్ ఎకో వీడియో గారి సముఖానికి, చెన్నైలో ఎకోలను, అంటే గుండె అల్ట్రాసౌండ్ స్కాన్లను, ఏఐ మోడల్‌కు పెట్టే తెలుగువాళ్లం రాసుకున్న విన్నపం.

నెల్లూరులో పేషెంటు ఇంకా బస్సెక్కకముందే తమరు గ్రీమ్స్ రోడ్డులో దిగిపోతారు. ఆ వేగానికో దండం. దారిలో గుండెను కాస్త పారేసుకుని వస్తున్నారు, అదే మా బాధ.

మెషీన్ తెరకు ఫోను అడ్డం పెట్టి తీస్తే పుట్టారు తమరు. ఒంటినిండా ట్యూబులైటు, అలల గీతలు, మూలన ఎవరిదో బొటనవేలు. అసలు క్లిప్పు సెకనుకు 50 ఫ్రేములైతే, నాడి 72 ఉన్న మనిషికి ఒక్కో బీటులో 42 ఫ్రేములు పడతాయి. ఫోను 30తో తీస్తే మిగిలేవి 25. పంపేటప్పుడు ఇంకొన్ని రాలతాయి. గుండె పూర్తిగా ముడుచుకున్న ఫ్రేమే ఆ రాలినవాటిలో ఉంటే? నిండినప్పుడు 120 మి.లీ., ముడుచుకున్నప్పుడు 76 పట్టే ఎడమ జఠరికకు (ఒంట్లోకి రక్తం నెట్టే గదికి) ఈఎఫ్, అంటే ఒక్కో బీటులో బయటికి నెట్టే రక్తం వాటా, 37 శాతం. ఆ 76ను 80గా కొలిస్తే 33. ఐసీడీ (లయ ప్రమాదకరంగా తప్పితే గుండెకు షాకిచ్చే పరికరం) పెట్టాలా అన్న మాట 35 దగ్గరే వస్తుంది. నాలుగు మిల్లీలీటర్లండీ, టీ చెంచాడు కూడా కాదు!

డాక్టరైతే మొహం చిట్లించి "మళ్లీ తియ్యి" అంటారు. మోడల్‌కు ఆ మర్యాద తెలీదు. నాణ్యత చూసి తిప్పికొట్టే మెట్టు ముందు విడిగా పెట్టకపోతే, బొటనవేలికి కూడా ఈఎఫ్ చెబుతుంది, దశాంశంతో సహా.

"స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఎకో వీడియోల సేకరణ ఎకోనెట్-డైనమిక్‌లో 10,030 వీడియోలూ 112×112 పిక్సెళ్లే కదా" అని తమరు వాదించొచ్చు. చిన్నవే, కానీ మెషీన్ ఫైళ్ల నుంచి కుదించినవి. వాటిలో ట్యూబులైటు లేదు. ఇక స్ట్రెయిన్ (గుండె కండరం ఎంత సాగి ముడుచుకుంటుందో) కొలవాలంటే కండరంలోని చుక్కలను వెంబడించాలి. కుదింపు ముందుగా తుడిచేది వాటినే.

తప్పంతా తమరిదే అనం. గెయిన్ (మెషీన్‌లో బొమ్మ వెలుగు పెంచే మీట) ఎక్కువైతే గుండె గది లోపల తెల్లగా కమ్ముకుని, అంచు లోపలికి జరిగినట్టు కనబడుతుంది. ఛాతీకి ఆనించే ప్రోబు పైనే ఆగితే గుండె కొన తెగి, పొడుగాటి జఠరిక గుండ్రంగా, చిన్నగా తేలుతుంది. పేషెంటును ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి వదిలి ఆపమని, ప్రోబు ఒక పక్కటెముక కిందకు దించితే చాలాసార్లు సరిపోతుంది.

అందుచేత తమరు విశ్రాంతి తీసుకుని, మెషీన్ నుంచి నేరుగా వచ్చే డైకామ్ ఫైలు గారిని పంపండి. ఈసీజీ గీత ఉండాలి, కనీసం మూడు బీట్లు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) అయితే ఐదు. ఎన్ని పిక్సెళ్లకు సెంటీమీటరో ఆయన జేబులోనే ఉంటుంది.

తా.క. డాక్యుమెంట్‌గా పంపితే తమరు బాగుపడతారని ఎవరో చెప్పారట. నిజమే, ట్యూబులైటు చాలా స్పష్టంగా వచ్చింది.