ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాలు: ప్రచారంలో ఉన్న మూడు తప్పుడు లెక్కలు

ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాల గురించి ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. పటంలో తిన్నగా ఉన్న దారిని వదిలి విమానాలు ఉత్తరానికి వంగి చుట్టూ తిరుగుతున్నాయని, భూమి తూర్పుకు తిరుగుతున్నందున తూర్పుకు వెళ్లే విమానం చేరాల్సిన ఊరిని వెంబడించాల్సి వస్తుందని, పడమరకు వెళ్లేదానికి ఊరే ఎదురొస్తుందని, కిలోమీటర్లలో దూరాన్ని విమాన వేగం 900తో భాగిస్తే ప్రయాణ సమయం గంటల్లో వస్తుందని అది చెబుతుంది. వీటిలో ఏదీ నిలవదు.

గోడపటం గుండ్రని భూమిని బల్లపరుపుగా పరుస్తుంది కాబట్టి అందులోని తిన్నని గీత నేల మీద దగ్గరి దారి కాదు. గ్లోబు మీద ఈ రెండు నగరాల మధ్య దారం బిగించి చూస్తే అది సైబీరియా దాటి ఆర్కిటిక్ మహాసముద్రం మీదుగా పోతుంది. ఆ దారి సుమారు 12,400 కిలోమీటర్లు. పటంలోని తిన్నని గీత వెంట వెళితే దాదాపు 15,000.

భూభ్రమణం వాదనే అన్నిటికన్నా ఎక్కువమందిని నమ్మిస్తోంది. ఢిల్లీ అక్షాంశం దగ్గర నేల గంటకు సుమారు 1,470 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతుంది, కానీ దానితోపాటు గాలీ, ఆ గాలిలోని విమానమూ కదులుతాయి. ఆ వాదనే నిజమైతే, గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానం హైదరాబాద్ నుంచి తూర్పున ఉన్న విశాఖపట్నాన్ని ఎన్నటికీ అందుకోలేదు. రాకపోకల సమయాల్లో తేడా తెచ్చేది పది కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు. ఆ గాలుల పుట్టుకలో భూభ్రమణానికి పాత్ర ఉన్న మాట వాస్తవమే, అయితే ఫలితం సందేశం చెప్పినదానికి తలకిందులు: తూర్పు ప్రయాణమే వేగంగా సాగుతుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఇదే ప్రయాణాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా, అంటే తూర్పుగా నడిపినప్పుడు విమానం సుమారు 1,400 కిలోమీటర్లు అదనంగా, మొత్తం 15,300 కిలోమీటర్లు ప్రయాణించి కూడా పద్నాలుగున్నర గంటల్లో, పాత దారికన్నా ముందుగా చేరింది. ఈ ఒక్క ప్రయాణమే ఆ వాదనను కొట్టివేయడానికి చాలు.

900తో భాగించే సూత్రంలో గాలికి చోటు లేదు, రన్‌వే దాకా విమానం నేల మీద కదిలే సమయానికీ లేదు, మూసివున్న గగనతలానికీ లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేశాక, ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలకు నగరాల మధ్య దూరం మారకుండానే ప్రయాణ సమయం పెరిగింది.

టికెట్టు మీద ఉండేవి స్థానిక కాలాలు కావడం ఈ గందరగోళాన్ని ఇంకా పెంచుతోంది. చలికాలంలో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి అదే తేదీన ఉదయం 6.30కు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే గడిచింది రెండున్నర గంటలు కాదు, పదమూడున్నర గంటల కాలభేదం కలుపుకొని 16 గంటలు. పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రుల్లో ఇన్సులిన్ వేసుకునేవారు ఎందరో ఉన్నారు. వారి మందుల వేళలను ఇలాంటి సందేశాన్ని బట్టి కాక, టికెట్టులో చూపిన మొత్తం ప్రయాణ వ్యవధిని బట్టి, డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.