కరెంటు కోత గారికి ఒక కుమ్మరి రాయు లేఖ

గౌరవనీయులైన కరెంటు కోత గారికి,

విజయనగరం నుంచి ఒక స్టూడియో కుమ్మరి నమస్కారాలు. కప్పుల అడుగున నా సంతకం ఒక్కటే ఉంటోందని, తమరి పేరు వెయ్యడం లేదని మీకు కోపమేమో. న్యాయమే. మట్టి పిసికేది, చక్రం మీద లేపేది, ఆరబెట్టి గ్లేజులో (కాలితే గాజులా మెరిసే పూతలో) ముంచేది నేనే గానీ, చివరికి అది ఏ రంగులో బయటికి రావాలో తేల్చేది తమరే కదా.

నా గ్లేజు కోన్ 6ది, అంటే 1220 డిగ్రీల చుట్టుపక్కల. (కోన్ అంటే కిల్న్‌లో, అదే కుండలు కాల్చే కరెంటు బట్టీలో, పెట్టే చిన్న శంకువు; కాల్పు సరిపోయిందని అది వంగి చెబుతుంది.) పొద్దున్నే కిల్న్ వేస్తే ఆ వేడి అందేసరికి చీకటి పడుతుంది. మీరు 200 దగ్గర రారు, 500 దగ్గరా రారు. 1100 దాటి గ్లేజు కరగడం మొదలయ్యాక, చుట్టం భోజనం వేళ చూసుకుని వచ్చినట్టు దిగుతారు. కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే "లైన్ క్లియర్ తీసుకున్నారమ్మా, గంటలో వచ్చేస్తాది" అంటారు, అంటే రిపేరు కోసం లైను ఆపించారన్నమాట. ఆ గంట ఏ గడియారంలోదో! ఇన్వర్టర్ ఫ్యాను తిప్పుతుంది గానీ ఏడెనిమిది కిలోవాట్ల కిల్న్‌ను లాగలేదు. మీరు వెళ్లాక మళ్లీ మొదలుపెడదామంటే లెక్క తప్పిపోయి ఉంటుంది, ఎందుకంటే కోన్ వంగాలంటే ఎంత వేడి అన్నదొక్కటే చాలదు, ఎంతసేపు, ఎంత వేగంగా అన్నది కూడా కావాలి. తక్కువైతే మట్టి గట్టిపడక టీ అడుగునుంచి చెమరుస్తుంది, ఎక్కువైతే గ్లేజు కారి షెల్ఫుకి అతుక్కుంటుంది. కప్పుగా పుట్టి పెన్‌స్టాండుగా బతికేవి మా ఇంట్లో ఎన్నో.

మాంగనీసు వేసిన గోధుమరంగు గ్లేజు మీద మీకు మరీ మమకారం. (గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనులున్న జిల్లా మాది, అయినా నాకు ఆ పొడి పార్సిల్లోనే రావాలి.) నిగనిగలాడాల్సినది మీ చేయి పడి పొడిపొడిగా వచ్చింది. "అబ్బ, ఈ మ్యాట్ ఫినిష్ ఎలా తెచ్చారండీ?" అని ఒకావిడ ముచ్చటపడిపోయింది. ఏం చెప్పను, అంతా కోత గారి దయ.

మా వీధి చివర ఆవం పెట్టే పెద్దాయన ఊకా గడ్డీ కట్టెలతో కుండలు కాల్చేస్తాడు, మీ మొహం చూడక్కర్లేదు. చీకట్లో నన్ను చూసి "ఏటమ్మా, మళ్లీ పోనాదా?" అంటాడు. ఆ అడగడంలో జాలి తక్కువ, సరదా ఎక్కువ. ఆయన ఆవం 1220కి వెళ్లదులెండి, వెళ్లాల్సిన పనీ లేదు.

2014లో హుద్‌హుద్‌కి, 2018లో తిత్లీకి వచ్చినందుకు మిమ్మల్ని ఒక్క మాట అనను, పడిపోయిన స్తంభాలు నిలబెట్టిన లైన్‌మన్లకు దండం పెడతాను. ఆకాశం నీలంగా, ఆకు కదలకుండా ఉన్న మంగళవారం సంగతే నా గొడవ.

సిరిమానోత్సవం దాటితే దీపావళి ఆర్డర్లు మీద పడతాయి. రాక తప్పదంటే బిస్క్ (గ్లేజు పుయ్యకముందు చేసే తొలి కాల్పు) కాల్చే రోజు రండి, దానికి మధ్యలో ఆగినా పెద్ద నష్టం లేదు. గ్లేజు రోజు మాత్రం పక్క ఫీడర్ (పక్క వీధుల కరెంటు లైను) చూసుకోండి. వాళ్లెవరూ కుండలు చెయ్యరు.

ఇట్లు,
తమరి సహ కళాకారిణి