ఆయిల్-ఫ్రీ కంప్రెసర్ ఉంటే ఫిల్టర్లు దండగేనా?

మెయింటెనెన్స్ వాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "ఆయిల్-ఫ్రీ కంప్రెసర్ కొన్నవాళ్లకి లైన్ ఫిల్టర్లు (నొక్కిన గాలి పోయే పైపులో బిగించేవి) దండగ. గాలి పీల్చేచోట ఫిల్టర్ ఎలాగూ ఉంది. మరీ కావాలంటే 0.01 మైక్రాన్‌ది ఒక్కటి బిగించండి, నూనే నీళ్లూ రెండూ ఆగిపోతాయి. గేజ్ ముల్లు పచ్చలో ఉన్నన్నాళ్లూ ఎలిమెంట్ (ఫిల్టర్ లోపల వడకట్టే భాగం) ముట్టుకోవద్దు." ఖర్చు తగ్గే మాట కాబట్టి స్టోర్స్ వాళ్లకి బాగా నచ్చుతోంది. ఒక్కో మాటే చూద్దాం.

"ఆయిల్-ఫ్రీ అంటే గాలిలో నూనె ఉండదు"

గాలిని నొక్కే గదిలో నూనె వెయ్యరు, అంతవరకే ఆ పేరు. బయటి గాలిలో ఉన్నది లోపలికి రాక మానదు. 7 బార్ గేజ్‌కి, అంటే బయటి గాలి ఒత్తిడికి పైన ఇంకో 7 బార్లకి నొక్కితే ఎనిమిది ఘనపు మీటర్ల గాలి ఒక్క ఘనపు మీటరులోకి వస్తుంది. అందులోని దుమ్ము, డీజిల్ పొగ, సాల్వెంట్ ఆవిరి కూడా అంతే చిక్కబడతాయి. జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడలో పీల్చే గొట్టం జనరేటర్ పొగగొట్టం పక్కనుంటే ఇక చెప్పేదేముంది? పైగా పాత జీఐ పైపులో రాలే తుప్పుకి ఏ కంప్రెసర్ పెట్టారన్నదాంతో పనిలేదు.

'క్లాస్ 0' సర్టిఫికెట్ చూపిస్తారు. నొక్కిన గాలి శుభ్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8573-1లో నూనెకి క్లాస్ 1 హద్దు ఘనపు మీటరుకి 0.01 మిల్లీగ్రాము. క్లాస్ 0 అంటే దానికంటే కఠినంగా, వాడేవాళ్లో సరఫరా చేసేవాళ్లో రాసుకున్న హద్దు. సున్నా కాదు. ఆ అంకె ఎంతో కాగితం మీద అడగండి.

"పీల్చేచోట ఫిల్టర్ ఉంది కదా"

ఉంది, యంత్రాన్ని కాపాడడానికి. ముతక దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. అది మూసుకుపోయి పీల్చే దారిలో 250 మిల్లీమీటర్ల నీటిమట్టమంత ఒత్తిడి తగ్గితే కరెంటు దాదాపు 2 శాతం ఎక్కువ లాగుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

"0.01 మైక్రాన్ ఒక్కటి చాలు, నీళ్లు కూడా ఆగుతాయి"

మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. ఈ 0.01 మైక్రాన్‌ది కోలెసింగ్ ఫిల్టర్, జల్లెడ కాదు. గాలి ఎలిమెంట్ లోపలినుంచి బయటికి వెళ్తుంటే సన్నటి తుంపర్లు పోగులకి అంటుకుని, కలిసి పెద్ద చుక్కలై ఫిల్టర్ అడుగునున్న గిన్నెలోకి (బౌల్) జారతాయి. అది పట్టేది తుంపరనే. ఆవిరి రూపంలో ఉన్న నీరైనా నూనైనా దర్జాగా దాటిపోతుంది.

లెక్క వేద్దాం. విశాఖ వేసవిలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ అనుకుంటే ఘనపు మీటరు గాలిలో 28 గ్రాముల దాకా నీరుంటుంది. 100 సీఎఫ్ఎం (నిమిషానికి 100 ఘనపుటడుగుల) యంత్రం గంటకి 170 ఘనపు మీటర్లు పీలుస్తుంది, అంటే సుమారు 4.7 లీటర్ల నీరు. నొక్కాక వేడెక్కిన గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ దాన్ని 45 డిగ్రీలకి దింపితే 3.3 లీటర్లు అక్కడే దిగుతాయి. మిగతా 1.4 లీటర్లు ఆవిరిగా ఫిల్టర్ దాటుతాయి. లైను 35 డిగ్రీలకి చల్లారేసరికి అందులో అర లీటరు పైచిలుకు మళ్లీ నీరవుతుంది, ఫిల్టర్ అవతల! గాలిని చల్లార్చి తేమ తీసే రిఫ్రిజరేషన్ డ్రయ్యర్, 3 డిగ్రీల డ్యూ పాయింట్ (ఆవిరి నీరయ్యే ఉష్ణోగ్రత) ఇచ్చేది పెడితే అదే 1.4 లీటర్లు 120 గ్రాముల లోపుకి వస్తుంది.

అందుకే వరుస ముఖ్యం: రిసీవర్ (గాలి నిలవుండే ట్యాంకు), 1 మైక్రాన్ ప్రీఫిల్టర్, రిఫ్రిజరేషన్ డ్రయ్యర్, 0.01 మైక్రాన్, నూనె వాసన కూడా ఉండకూడదంటే చివర కార్బన్ ఫిల్టర్. తేమ పీల్చే గుళికలుండే డెసికెంట్ డ్రయ్యర్ అయితే 0.01 మైక్రాన్ ఫిల్టర్ డ్రయ్యర్‌కి ముందే ఉండాలి, ఎందుకంటే నూనె పట్టిన గుళికలు ఇక తేమ పీల్చవు. వెనక గుళికల పొడికి డస్ట్ ఫిల్టర్ వేరే కావాలి. ఏ వరుసలోనైనా ప్రీఫిల్టర్ కంటే ముందు ఈ సన్నదాన్ని పెడితే తుప్పూ నీళ్లూ కలిసి కొద్దిరోజుల్లోనే దాన్ని మూసేస్తాయి.

"గేజ్ పచ్చలో ఉంటే చాలు"

డీపీ గేజ్ ఫిల్టర్‌కి ముందూ వెనకా ఉన్న ఒత్తిడి తేడా చూపిస్తుంది. అది చెప్పేది అడ్డం ఎంతుందో, అంతే. ఎలిమెంట్ చిరిగినా, ఓ-రింగ్ సరిగ్గా కూర్చోకపోయినా గాలి పక్కనుంచి దూరిపోతుంది, ముల్లు పచ్చలోనే హాయిగా ఉంటుంది. నిన్న 0.3 బార్ చూపించి ఇవాళ అదే లోడ్‌లో సున్నాకి పడిపోయిందంటే అది శుభవార్త కాదు, బౌల్ విప్పి చూడాల్సిన సమయం. కార్బన్ ఎలిమెంట్ నిండిపోయినా ముల్లు కదలదు. దాన్ని గంటల లెక్కన మార్చాల్సిందే. కోలెసింగ్ ఎలిమెంట్లకి చాలామంది తయారీదారులు చెప్పేది ఏడాది.

ముల్లు ఎర్రలోకి వచ్చేదాకా ఆగితే మిగిలేదీ లేదు. చివర ఒత్తిడి తగ్గిందని కంప్రెసర్ సెట్టింగ్ పెంచుతారు. 7 బార్ దగ్గర ఒక్కో బార్‌కి కరెంటు ఇంచుమించు 7 శాతం పెరుగుతుంది. 37 కిలోవాట్ల యంత్రం ఏడాదికి 6,000 గంటలు నడిస్తే, 0.4 బార్ అదనానికి 6,200 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా దాదాపు 50 వేలు. ఎలిమెంట్ ధర దీని పక్కన పెట్టి చూడండి.

మార్చేటప్పుడు వాల్వులు మూసి, లోపలి ఒత్తిడి సున్నా అయ్యాకే బౌల్ విప్పాలి. ఓ-రింగ్ కొత్తది వెయ్యాలి. పెయింట్ షాపులో దానికి సిలికాన్ గ్రీజు పూయొద్దు, ఆ జాడ చాలు రంగు మీద గుంటలు పడడానికి. మళ్లీ గాలి వదిలేటప్పుడు వాల్వు మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే కొత్త ఎలిమెంటే చిరుగుతుంది. బౌల్‌లో చేరిన నీటిని దానంతటదే వదిలే ఆటో డ్రెయిన్‌ని షిఫ్టుకోసారి చేత్తో నొక్కి చూడండి: జిడ్డు పట్టి అందులో తేలే ఫ్లోట్ ఇరుక్కుంటే నీటిమట్టం ఎలిమెంట్ దాకా లేచి, పట్టిన నూనె మళ్లీ గాలితో పాటే లైన్లోకి పోతుంది.