సవరణ: టెలిస్కోప్ అద్దాన్ని పొడి గుడ్డతో తుడవకండి

అద్దం మీద దుమ్ము కనిపిస్తే మెత్తటి పొడి గుడ్డతో తుడిచేయమనీ, చూడటం అయిపోగానే మూత బిగించేయమనీ పోయిన వారం రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

మా చీమకుర్తి వైపు గాలిలో ఉండేది మామూలు మట్టి కాదు, క్వారీల రాతి పొడి. అద్దం మీది అల్యూమినియం పూత మందం దాదాపు 100 నానోమీటర్లే, అంటే మిల్లీమీటర్‌లో పదివేలో వంతు, దాని మీద రాతి పొడిని గుడ్డతో రుద్దితే గీతలు పడకుండా ఎలా ఉంటాయి? నా అద్దాన్ని టార్చి పక్కగా పెట్టి చూస్తే గుండ్రంగా సన్నటి గీతలు కనిపించాయి. కొంచెం దుమ్ముంటే వదిలేయండి, చిత్రానికి పెద్దగా నష్టం ఉండదు. మరీ ఎక్కువైతే రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో మాత్రం వద్దు, తుంపర్లు పడతాయి. ఇంకా పోకపోతే అద్దం విప్పి ముందు నీళ్ళు ధారగా పోసి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి.

ఇక మూత సంగతి. కొత్తపట్నం బీచ్‌కి తీసుకెళ్తే తెల్లారేసరికి ట్యూబంతా మంచు తడి, అందులో ఉప్పు కూడా. ఆ తడి మీదే మూత పెడితే పూత పాడవుతుంది. ఇంటికి తెచ్చాక ట్యూబ్ మూతి కిందకి వంచి, పూర్తిగా ఆరాకే మూయండి, లోపల ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి.

ఇప్పటికే తుడిచేసినవాళ్ళు టెన్షన్ పడకండి, సన్నటి గీతలతో చంద్రుడూ శనీ బాగానే కనిపిస్తాయి, ఇక మీదట తుడవకుండా ఉంటే చాలు.