రాయకండి, పుస్తకం పాడవుతుంది

నోటు పుస్తకంలో రాయడం నేరమని మన చట్టాల్లో ఎక్కడా లేదు. 2024 జూలై 1న కొత్త న్యాయ సంహితను అమల్లోకి తెచ్చినప్పుడు సెక్షన్ల నంబర్లన్నీ తారుమారు చేసినవాళ్లకు ఈ ఒక్క సెక్షను చేర్చాలని తోచకపోవడం విచారకరం. ఈ మాట లోకం తెలియని కుర్రవాడు అంటే కొట్టిపారేయవచ్చు. ముప్పయ్యేళ్లు సర్కారు కొలువులో గుమాస్తాగా రీముల కొద్దీ తెల్లకాగితాన్ని నల్లగా చేసినవాణ్ణి, తుమ్మజిగురుకూ గుండుసూదులకూ ట్యాగులకూ మధ్య జుట్టు నెరిసినవాణ్ణి నేను అంటున్నాను. ఎన్ని అరఠావులు నా చేతిలో నాశనమయ్యాయో తలుచుకుంటే ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

నా కళ్లు తెరిపించింది మా చెల్లెలి కూతురు. ఒంగోలులో మా మేడ మీద గదిలో ఉంటూ చేత్తో కుట్టిన నోటు పుస్తకాలు, గ్రీటింగ్ కార్డులు, శుభలేఖలు తయారు చేసి ఫోనులో అమ్ముతుంది. తయారు చేయడానికి ఒక పూట పడుతుంది. ఫొటో తీయడానికి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ థర్మోకోల్ అట్ట పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది. పింఛను వస్తోంది కనుక జీతం లేదు.

పుస్తకం ఫొటో తీయడానికి ఏముంది, బల్ల మీద పెట్టి నొక్కడమేగా అనుకునే అజ్ఞానంలో నేనూ చాలాకాలం బతికాను. పుస్తకాన్ని నిట్టనిలువుగా పైనుంచి తీయాలి. ఫోను కాస్త వంగినా దీర్ఘచతురస్రం కాస్తా సమలంబ చతుర్భుజమైపోతుంది. బడి వదిలిన తర్వాత ఆ మాట మళ్లీ నా చెవిన పడటం ఇదే. అందుకని అమ్మాయి స్టూలెక్కుతుంది. కిటికీ వెలుగు ఒకవైపు నుంచే వస్తుంది కాబట్టి పుస్తకానికి రెండోవైపు నీడ చిక్కబడుతుంది. ఆ నీడను పల్చన చేయాలంటే అటువైపు తెల్లటి అట్ట నిలబెట్టి వెలుగును తిరగగొట్టాలి. అట్టకు కాళ్లు లేవు. నాకున్నాయి.

కిటికీ ఉత్తరపుదే కావాలని శాస్త్రం. ఉత్తరం నుంచి ఎండ నేరుగా పడదని, మెత్తటి వెలుగే వస్తుందని, నీడల అంచులు కోసినట్టు కాకుండా కరిగినట్టు ఉంటాయని పాఠం చెప్పే ప్రతివాడూ చెబుతాడు. ఆ పాఠం చలిదేశాల్లో పుట్టింది. అక్కడి సూర్యుడు ఏడాది పొడవునా మధ్యాహ్నం దక్షిణం వైపే నడుస్తాడు. ఒంగోలు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వచ్చి, అక్కడితో ఆగక ఉత్తరానికి జరిగి, ఆగస్టు రెండో వారం దాకా అటే మకాం పెడతాడు. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏటవాలుగా ఉత్తరపు కిటికీలోంచే లోపలికి వచ్చి పుస్తకం మీద కూర్చుంటాయి. మొదటిసారి అలా జరిగిన రోజు అమ్మాయి ఇల్లు కట్టిన మేస్త్రీని అనుమానించి, ఫోనులో దిక్సూచి పెట్టి గోడలన్నీ కొలిచింది. చివరికి ఉతికి ఆరేసిన నా పంచె తెచ్చి కిటికీకి అడ్డంగా కట్టింది. ఆ పంచె వడపోసిన వెలుగులో తీసిన ఫొటోలు చూసి కలలో వెలుగులా ఉందని చాలామంది మెచ్చుకున్నారు. పంచె ప్రస్తావన ఎక్కడా రాలేదు.

ఫ్యాను వేయకూడదు, కాగితం లేస్తుంది. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ఫ్యాను తిరగని గదిలో నిలబడిన మనిషి తన ముక్కు చివరి చెమట బొట్టు ఎటు పడబోతోందో ఎప్పటికప్పుడు గమనించుకోవాలి. పత్తి కాగితానికి దాహం ఎక్కువ. ఒక్క బొట్టు పడితే చాలు, తాగేసి పొక్కులా ఉబ్బుతుంది. ఆ విధంగా నేను ఇప్పటికి రెండు కార్డులు చెడగొట్టాను. ఒకదాని పొక్కు మీద ఎండిన గడ్డిపువ్వు అతికించి, ఆ ఒక్క కార్డునే ముప్పై రూపాయలు ఎక్కువకు అమ్మింది.

ఇక కింద పరిచే సంగతి. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి తీస్తే బల్ల కనిపిస్తుంది. మనింట్లో బల్ల ఉందని లోకానికి తెలియడం మర్యాద కాదు. నల్లరాతి మీద పెట్టినట్టు ఉండాలి. అందుకని రాయి బొమ్మ ముద్రించిన ప్లాస్టిక్ షీటు తెప్పించింది, పన్నెండు వందలు. చుట్ట విప్పి పరిచాక నేను కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను. నల్లటి రాయి, మధ్యమధ్య బంగారు చుక్కలు. అది చీమకుర్తి రాయి. బ్లాక్ గెలాక్సీ అని ప్రపంచమంతా కొనే రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారుగాని భూగర్భశాస్త్రం దాన్ని గాబ్రో జాతిలో వేస్తుంది. ఆ బంగారు మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. మా ఇంటి దగ్గర కర్నూలు రోడ్డెక్కితే కాసేపట్లో చీమకుర్తి. ఆ దారిలో రాతి దిమ్మెలు మోసే లారీల వెనక ఇరుక్కుని ఎన్ని పెళ్లిళ్లకు అప్పగింతల వేళకు చేరామో లెక్కలేదు. మా వంటింటి గట్టు ఆ రాయే. దాని మీద మా అమ్మ పచ్చిమిరపకాయలు తరుగుతుంది.

‘రాయి బొమ్మ ఎందుకమ్మా, ఇంట్లో రాయే ఉందిగా’ అన్నాను.

‘నిజం రాయి మెరుస్తుంది మామయ్యా. అందులో కిటికీ కనిపిస్తుంది, నువ్వు కనిపిస్తావు’ అంది.

కాదనలేకపోయాను. నిజం రాయిలో ఉన్న లోపమే అది, ఎదురుగా ఏముంటే అది చూపించేస్తుంది. ఆ రకంగా మన నేలలో పుట్టిన రాయి ఓడెక్కి పోయి, ఎక్కడో నునుపుదేలి, ఫొటోలోకి దిగి, ప్లాస్టిక్ మీద అచ్చుపడి, చుట్ట చుట్టుకుని మళ్లీ ఒంగోలు వచ్చింది. కాశీకి వెళ్లినవాళ్లు కూడా ఇంత మారి తిరిగి రారు.

ఆకుల కథా ఇదే. కార్డు పక్కన ఒక కొమ్మ ఉండాలి, అది యూకలిప్టస్ కొమ్మే కావాలి. యూకలిప్టస్ అంటే మన జామాయిల్. ప్రకాశం జిల్లా రైతుకు జామాయిల్ అందం గురించి చెప్పబోతే ఏమంటాడో ఊహించుకోండి. మెట్ట పొలాల్లో సుబాబుల్, జామాయిల్ వేసి, ఏళ్లపాటు పెంచి, నరికి, కర్ర కాగితం మిల్లుకు తోలి, టన్నుకు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కిన మనిషి అతడు. కొమ్మలూ ఆకులూ పొలంలోనే పడి ఉంటాయి. కాగితం పక్కన జామాయిల్ కొమ్మ పెట్టడమంటే మాగాయ జాడీ పక్కన మామిడిచెట్టును నిలబెట్టడమే. వంశం తెలుస్తుంది, మంచిదే. కానీ మన జామాయిల్ ఆకు కొడవలిలా పొడుగ్గా ఉంటుంది. ఫొటోకు కావలసింది వెండి రూపాయిల్లా గుండ్రంగా ఉండే మరో రకం. దాంతో అదీ ప్లాస్టిక్‌దే వచ్చింది. పోనీ అని నేను మోపెడు మన జామాయిల్ రెమ్మలు తెచ్చి మేడ మీద పడేస్తే, అమ్మ వాటిని నీళ్లలో మరిగించి జలుబుకు ఆవిరి పట్టుకుంది.

మిగతా సామాను గురించి ఎక్కువ చెప్పను. కాఫీ కప్పు ఉండాలి, తాగకూడదు. పాలు పోస్తే తొరక కడుతుంది కాబట్టి ఒట్టి డికాక్షను. స్టీలు గ్లాసుకు ప్రవేశం లేదు. ఉదయగిరి చెక్క చెంచాకు ఉంది. ఉదయగిరి పనివాళ్లు చెక్కే చెంచాలకూ ఫోర్కులకూ భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ నునుపు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. డైరీ పక్కన ఫోర్కు ఎందుకన్నది మాత్రం నాకు ఇంకా అంతుపట్టలేదు. మార్కాపురం పలక కూడా ఒకటి తెచ్చింది. దాని మీద బలపంతో రాస్తే గీతలు పడతాయని, రాసినట్టుగా కంప్యూటర్‌లో అక్షరాలు అతికించింది.

కొనేవాళ్లు మొదట అడిగేది జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములని. ఆఫీసుల్లో వాడే ఏ4 కాగితం సాధారణంగా 80. పదహారు కాగితాలు కలిస్తే చదరపు మీటరు కాబట్టి ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది. అమ్మాయి కార్డులు 300 రకం. నా సర్వీసు మొత్తంలో కాగితాన్ని తూచి విలువ కట్టిన మనిషి పాత పేపర్ల బండివాడు ఒక్కడే. అతని ముందు మేము రాసిన ఫైళ్లన్నీ ఒకటే. ఎంత దూరదృష్టి!

ఈ మధ్య ఒక పెళ్లివారికి శుభలేఖలు చేసింది. కాగితం జైపూర్ పక్కన సాంగనేర్‌ది. బనియన్లు కత్తిరించగా మిగిలిన గుడ్డ పీలికలను నానబెట్టి, గుజ్జు చేసి, నీళ్లలో కలిపి, జల్లెడలాంటి చట్రంతో పైకి తోడుతారు. చట్రం అంచు కిందికి గుజ్జు కాస్త జారి పల్చబడుతుంది కనుక కాగితం నాలుగువైపులా చిరిగినట్టు తేలుతుంది. దీన్ని డెకిల్ అంచు అంటారు. ఒకప్పుడు ఇది లోపం, కత్తిరించి పారేసేవాళ్లు. 1799లో ఫ్రాన్సులో లూయీ నికొలా రొబేర్ కాగితం యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ దారిన యంత్రాలు పెరిగి, తిన్నటి అంచు కాగితం అందరికీ చవకగా దొరకడం మొదలయ్యాక చిరుగు అంచుకు గిరాకీ పుట్టింది. చిరిగిన ప్యాంటుకు పట్టిన యోగమే దీనికీ పట్టింది.

నమూనా శుభలేఖను మంచం మీద ఆరబెట్టి అమ్మాయి స్నానానికి వెళ్లింది. మా అమ్మకు ఎనభై నాలుగేళ్లు. కాళ్లు లాగుతున్నాయని మంచం దగ్గరికి వచ్చి ఆ కార్డు చూసింది. వినాయకుడి బొమ్మ లేదు, ఎరుపు లేదు, తెల్లగా ఉంది, అంచులు చిరిగి ఉన్నాయి. ఆవిడ తరంలో మూల చించిన కార్డు గుమ్మంలోకి వచ్చిందంటే ఒకటే అర్థం. చదివి, అక్కడే చింపేసి, తలమీద నీళ్లు పోసుకునేవాళ్లు. ఇక్కడ చిరిగింది ఒక మూల కాదు. అమ్మ చతికిలబడి, ‘ఒరేయ్, ఒక్కరు కాదురా, ఇంటిల్లిపాదీ పోయినట్టున్నారు’ అంది.

ఇది పెళ్లి కార్డని నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది. నమ్మాక ఆవిడ మరి మాట్లాడలేదు. కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తెచ్చి, కార్డును ఒళ్లో పెట్టుకుని, నాలుక కొస పంటికింద పెట్టి, నాలుగు అంచులూ తిన్నగా సాపు చేసింది. పీలికలు చాటలోకి ఎత్తింది. వంటింట్లోకి వెళ్లి పసుపు తడిపి తెచ్చి నాలుగు మూలలా బొటనవేలితో అద్దింది. అమ్మాయి తడిజుట్టుతో వచ్చేసరికి సాంగనేర్ అంచు చాటలో ఉంది.

‘ఇప్పుడు శుభలేఖలా ఉంది’ అంది అమ్మ.

అమ్మాయి ఏమీ అనలేదు. దానికీ ఒక ఫొటో తీసి చూసింది. పసుపు ఫొటోలో నారింజ రంగుకు తిరిగింది. నాలుగుసార్లు తీసి, కెమెరాకు లొంగడం లేదని వదిలేసింది.

పోనీ, కొన్నవాళ్లయినా వీటిలో రాస్తారా అంటే, నేను విన్నంతలో లేదు. నెల్లూరు నుంచి ఒకావిడ ఇప్పటికి ఏడు పుస్తకాలు కొన్నది. ‘ఇంత మంచిదాంట్లో ఏం రాస్తామండీ, చేతులు రావు’ అంటుంది. పట్టుచీర బీరువాలో ఉన్నట్టు ఆ ఏడూ ఏదో మహత్తరమైన ఆలోచన కోసం కాచుకుని ఉన్నాయి. అంతటి ఆలోచన వచ్చేదాకా ఆవిడ కూడా వాటికి ఫొటోలు తీస్తోంది. ఇదే నాగరికత. పూర్వం మా వీధి కిరాణాకొట్టులో ఎర్రగుడ్డ అట్ట చిట్టా పుస్తకం ఉండేది. మొదటి పేజీలో పసుపు కుంకుమ పెట్టి, శ్రీకారం చుట్టి, మర్నాటి నుంచి అందులో నిర్దాక్షిణ్యంగా అప్పులు రాసేవాడు ఆ కొట్టాయన. ఏడాది తిరిగేసరికి ప్రతి పేజీకీ నూనె మరక, బెల్లం వేలిముద్ర, కొట్టివేతలు. ఒక్క పేజీ కూడా ఫొటోకు పనికొచ్చేది కాదు. మా నాన్న బాకీ అందులో మూడు పేజీలు ఉండేది. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక బొమ్మ వేసినట్టు, ప్రతి నోటు పుస్తకం అట్ట మీదా ఒక కలం బొమ్మ వేసి దాన్ని కొట్టివేయాలని ప్రభుత్వానికి మనవి చేసుకుంటున్నాను.

నావంతుగా నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన నెల గ్యాసు కుర్రవాడు ఫోను చేసి ఒక నంబరు రాసుకోమన్నాడు. ఆ క్షణాన మేడ మీద రెండు వందల పధ్నాలుగు నోటు పుస్తకాలు ఉన్నాయి. నేనే లెక్కపెట్టి పేర్చాను. రాయడానికి కాగితం ముక్క మాత్రం లేదు. కుర్రవాడు అంకెలు చెప్పేస్తున్నాడు. నా చేతిలో థర్మోకోల్ అట్ట ఉంది. మూలగా రాసేశాను. బాల్‌పెన్ను మెత్తగా దిగబడుతుంది, మహా సుఖంగా ఉంటుంది. మర్నాడు పాలవాడి నాగాలు రాశాను. ఆ తర్వాత ఇస్త్రీకి వేసిన బట్టలు: చొక్కాలు ఆరు, పంచెలు రెండు, మూడోది కిటికీకి. అమ్మ బీపీ మాత్ర పేరు. చెల్లెలు చెప్పిన గోంగూర పచ్చడి కొలతలు. చీటీపాట తేదీ.

కొన్నాళ్లకు ఫొటోల్లో తెల్లపేజీ మసకబారుతోందని, ఒకవైపు నీలి జీర తేలుతోందని అమ్మాయి కంగారు పడింది. ఫోను అద్దం తుడిచింది, సెట్టింగులు మార్చింది, పంచె మార్చింది. చివరికి స్టూలు దిగి వచ్చి నా చేతిలో అట్టను తనవైపు తిప్పి చూసింది. చాలాసేపు చదివింది.

‘మామయ్యా, కొత్తది తెప్పిస్తాను’ అంది.

తెప్పించమన్నాను. పాతదాన్ని పారేయవద్దన్నాను. వెనకవైపు ఇంకా ఖాళీగానే ఉంది.