కొత్త సుప్రా గారికి, మీ మూసుకున్న ముక్కుల గురించి

మహారాజశ్రీ ఐదో తరం టయోటా సుప్రా గారికి,

శనివారం మధ్యాహ్నం తమరిని నడిపి చూద్దామని డాలస్‌లో ఒక షోరూమ్‌కి వచ్చిన అభాగ్యుణ్ణి. మాన్యువల్ గేర్ బండి కడిగి సిద్ధంగా ఉంచామని ఫోన్లో చెప్పారు. తీరా వస్తే పొద్దున్నే అమ్ముడుపోయిందట. ఆటోమేటిక్ ఉందట గానీ తాళం కనబడలేదట. ఐదు నిమిషాలన్నారు. పొద్దుగూకింది.

పనేమీ లేక తమరి చుట్టూ ప్రదక్షిణలు చేశాను. బానెట్ మీద గాలి రంధ్రం కనిపిస్తే ముచ్చటపడి వేలు పెట్టాను. ప్లాస్టిక్ మూత. తలుపు మీదున్నదాంట్లో పెట్టాను. మూతే. వెనక బంపర్ దగ్గర నడుం వంచి మరీ చూశాను. అక్కడా అంతే!

ఇంజిన్ బీఎండబ్ల్యూ వాళ్లదని నేను దెప్పను. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో వాళ్ల జెడ్4 కారుతో పాటు ఒకే ఫ్యాక్టరీలో పుట్టారని కూడా అనను. మీ నాన్నగారి, అంటే నాలుగో తరం సుప్రా గారి, ఆరు గేర్ల పెట్టె వెనకా జర్మనీ గేర్ల కంపెనీ గెట్రాగ్ చెయ్యి ఉంది కదా. వెనక సీట్లు తీసేశారు, సరే, ఆయనకున్న వాటిలోనూ మనిషి పట్టేవాడు కాదు. అద్దం దించితే చెవులు దిమ్మెక్కే హోరు, అదీ భరిస్తాను.

ఆ రంధ్రాలే మింగుడుపడటం లేదు. రేసుకి కావాలంటే తెరుచుకునే వీలుందని మీ అప్పటి చీఫ్ ఇంజినీర్ తెత్సుయా తదా గారు సెలవిచ్చారు. నేను వెళ్లేది ఆఫీసుకి మహాప్రభో! గిల్టు నగకైనా కొక్కెం పనిచేస్తుంది.

అబద్ధం మీ నాన్నగారు, 1993 నాటి ఏ80 మోడల్, కూడా ఆడారు. 280 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) దాటి చెప్పకూడదని జపాన్ కంపెనీల మధ్య పెద్దమనుషుల ఒప్పందం ఉండేది. ఆయన సరిగ్గా 280 అని రాయించుకుని ఊరుకున్నారు. ఆయన 2జేజెడ్ జంట టర్బో ఇంజినే అమెరికాలో 320 హార్స్‌పవర్. ఆ ఇనుప బ్లాకు విప్పకుండానే ట్యూనర్లు, అంటే ఇంజిన్లకి మెరుగులు దిద్దేవాళ్లు, దాని బలాన్ని రెట్టింపు చేశారు. ఆయన ఉన్నది దాచుకున్నాడు. నువ్వు లేనిది తగిలించుకున్నావు. 2002లో ఆయన వెళ్లిపోయాక 2019 దాకా కళ్లు కాయలు కాచేలా చూశాం. ఇందుకా? చిల్లు పెట్టడానికి చేతకాకపోతే నున్నగా వదిలేయొచ్చుగా! ఎవడు అడిగాడు?

మొత్తానికి తాళం దొరికింది. సేల్స్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాను. కాలు నొక్కగానే నా వీపు సీటుకి అతుక్కుపోయింది, సేల్స్‌మన్ మాట మధ్యలో ఆగిపోయింది. 382 హార్స్‌పవర్ అని మీవాళ్లు రాసింది తక్కువేనేమో అనిపించింది. ఆ విషయంలో నాన్న పోలికే. ఇంత దమ్మున్నవాడివి, నీకు ఆ వేషాలు ఎందుకురా? ఆ దిక్కుమాలిన మూతలు పీకి అవతల పారేసి, ఎంతివ్వాలో చెప్పు.

ఇట్లు,
ఇంకా చెక్కు రాయని అభిమాని